దంత వైద్యశాలలో చైర్‌సైడ్ అసిస్టెంటుగా శిక్షణ పొందే విధానం

చికిత్స సమయంలో రోగి కుర్చీ పక్కనే కూర్చుని దంత వైద్యులకు సాయపడే డెంటల్ అసిస్టెంటు (చైర్‌సైడ్ అసిస్టెంటు) కావాలనుకునేవారికి సాధారణంగా రెండు దారులు ఉంటాయి. ఒకటి తరగతి పాఠాలతో పాటు క్లినిక్ శిక్షణ కూడా ఇచ్చే సర్టిఫికెట్ లేదా డిప్లొమా కోర్సు. మరొకటి ఏదైనా దంత వైద్యశాలలో నేరుగా చేరి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్చుకోవడం. ఎక్స్‌రే తీయడం, పళ్ళకు పాలిష్ పెట్టడం, నోటి అచ్చులు తీయడం వంటి పనులను సహాయకులు చేయవచ్చా లేదా, చేయాలంటే ఏ అర్హత ఉండాలి అన్న నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి గనుక, ఫీజు కట్టకముందే మీరు పనిచేయదలచిన చోట అమలులో ఉన్న నిబంధనలను చదువుకోవాలి. కోర్సును ఎంచుకునేటప్పుడు పాఠ్యాంశాల జాబితా ఎంత పొడవుందన్నది పెద్ద విషయం కాదు. రోగి ఉన్న కుర్చీ పక్కన ఎన్ని గంటలు కూర్చోనిస్తారన్నదే అడగవలసిన మొదటి ప్రశ్న.

క్లినిక్ శిక్షణ మొదలయ్యేలోపే, రక్తం ద్వారా సోకే కాలేయ వ్యాధి హెపటైటిస్-బికి టీకా వేయించుకోవాలి. సాధారణంగా దీనిని మూడు డోసులుగా ఆరు నెలల వ్యవధిలో ఇస్తారు కాబట్టి ముందుగానే ప్రారంభించడం మేలు. చివరి డోసు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకుంటే రక్షణ ఏర్పడిందో లేదో తెలుస్తుంది.

చదువును పళ్ళ సంఖ్యలతో ఆరంభించవచ్చు. చాలా దేశాల్లో వాడే రెండంకెల పద్ధతిలో మొదటి అంకె నోటిలోని పావు భాగాన్ని, రెండవ అంకె మధ్యగీత నుంచి ఆ పన్ను ఎన్నవదన్న విషయాన్ని తెలుపుతాయి. రోగి కుడివైపు పై దవడ 1, ఎడమవైపు పై దవడ 2, ఎడమవైపు కింది దవడ 3, కుడివైపు కింది దవడ 4. పాలపళ్ళకైతే ఇదే వరుసలో 5 నుంచి 8 వరకు. కనుక 36 అన్నది ఎడమవైపు కింది దవడలో మధ్య నుంచి ఆరవ పన్ను, అంటే మొదటి పెద్ద దవడపన్ను; దానిని 'మూడు, ఆరు' అని విడివిడిగా చదవాలి. కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే గాని, ఎదురుగా నిలబడిన మనవి కావు. కొన్ని దేశాల్లో 1 నుంచి 32 వరకు వరుస సంఖ్యలు వాడతారు కాబట్టి, కొత్త క్లినిక్‌లో చేరిన రోజునే అక్కడి పద్ధతి ఏదో అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు పని కూర్చునే తీరుతో మొదలవుతుంది. రోగి ముఖాన్ని గడియారంగా, నడినెత్తిని 12 గంటల స్థానంగా ఊహించుకుంటే, కుడిచేతి వాటం ఉన్న వైద్యులు 7 నుంచి 12 వరకు ఉన్న భాగంలోను, సహాయకులు 2 నుంచి 4 మధ్యన కూర్చుంటారు. పనిముట్ల మార్పిడి 4 నుంచి 7 మధ్యన, అంటే రోగి గడ్డం దగ్గర, ఛాతీకి పైన జరగాలి. కళ్ళ మీదుగా ఏదీ దాటించకూడదు. సహాయకుల స్టూలు వైద్యుల స్టూలు కన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే నోటి లోపలి భాగం స్పష్టంగా కనబడుతుంది, నడుమూ వంగదు.

కుడిచేత సక్షన్ గొట్టం (నోట్లోని నీటిని, లాలాజలాన్ని పీల్చేది), ఎడమచేత పనిముట్లు అన్నది అలవాటైన పద్ధతి. డ్రిల్ నోట్లోకి రాకముందే సక్షన్ మొన పంటి పక్కన కుదురుకోవాలి. అది మెత్తని అంగిలికో, నాలుక మొదలుకో తగిలితే రోగికి డోకు వస్తుంది. చెంప లోపలి పొర గొట్టానికి అంటుకుపోతే వెనక్కి గుంజకుండా మొనను కొద్దిగా తిప్పితే చాలు, గాలి చొరబడి అదే విడిపోతుంది. వాడిన పనిముట్టును ఎడమచేతి చిటికెన వేలితో అందుకుని, అదే చేతి బొటన, చూపుడు, మధ్య వేళ్ళతో పట్టుకున్న కొత్తదానిని వైద్యుల వేళ్ళలో ఉంచాలి. పై పంటికైతే పనిచేసే కొస పైకి, కింది పంటికైతే కిందికి ఉండాలి. రెండు పెన్నులు పట్టుకుని ఇంట్లోనే దీనిని సాధన చేయవచ్చు.

పనిముట్ల పేర్లను పట్టికగా బట్టీ పట్టడం వల్ల పరీక్ష గట్టెక్కుతుందేమో గాని, అడగకముందే అందించడం రాదు. చికిత్స క్రమాన్ని నేర్చుకుంటే పేర్లు వాటంతటవే గుర్తుంటాయి. ఉదాహరణకు కాంపోజిట్ (పంటి రంగులో ఉండే పదార్థం) ఫిల్లింగ్‌లో అద్దం, ప్రోబ్ (సన్నని మొన ఉన్న పనిముట్టు)లతో పరీక్షించి, మత్తు ఇచ్చి, పుచ్చిన భాగాన్ని తొలగించిన తరువాత, ఫిల్లింగ్ అతుక్కునేలా పంటి ఉపరితలాన్ని గరుకుగా చేసే ఎచింగ్ జెల్ వస్తుంది. ఇది ఎక్కువగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. కొన్ని సెకన్లు ఉంచి కడిగాక ఆ పంటిపై లాలాజలం పడితే ఆ దశను మళ్ళీ చేయవలసి వస్తుంది. అందుకే సహాయకుల ఏకాగ్రత అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది ఈ దశలోనే. తరువాత బాండింగ్ (కాంపోజిట్‌ను పంటికి అతికించే ద్రవం), దానిని గట్టిపరచే లైటు, పలుచని పొరలుగా కాంపోజిట్, ఒక్కో పొరకు మళ్ళీ లైటు, చివరకు కాటు చూసే రంగు కాగితం. బయటకు తీసిన కాంపోజిట్‌ను కుర్చీ పైనున్న పెద్ద లైటు కింద వదిలేస్తే అది అక్కడే గట్టిపడడం మొదలుపెడుతుంది కాబట్టి మూతపెట్టి ఉంచాలి.

పదార్థాలు కలపడం చేతికి అలవాటు కావలసిన విద్య. నోటి అచ్చుకు వాడే ఆల్జినేట్‌ను చల్లని నీటితో కలిపితే నెమ్మదిగాను, వెచ్చని నీటితో కలిపితే త్వరగాను గట్టిపడుతుంది. గిన్నె గోడకు అదిమి కలిపితే బుడగలు పోతాయి. తీసిన అచ్చు నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది గనుక, కడిగి క్రిమిరహితం చేసిన వెంటనే ప్లాస్టర్ పోయాలి.

నా దృష్టిలో సహాయకుల నిజమైన పరీక్ష పనిముట్లను క్రిమిరహితం చేసే స్టెరిలైజేషన్ గదిలో జరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ చూడరు. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, పనిముట్లను అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలతో మురికి వదలగొట్టే) యంత్రంలో శుభ్రం చేసి, కడిగి, ఆరబెట్టి, ఏ మూలనైనా మురికి మిగిలిందేమో చూసిన తరువాతే పౌచ్‌లో పెట్టాలి. మురికి కింద దాగిన క్రిములకు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం)లోని ఆవిరి అందదు. కీళ్ళున్న ఫోర్సెప్స్‌ను తెరిచి ఉంచాలి, పౌచ్‌లను ఒకదానిపై ఒకటి పేర్చకూడదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు, లేదా 134 వద్ద కనీసం 3 నిమిషాలు అన్నది సాధారణ కొలమానం. పౌచ్‌లలో పెట్టినప్పుడూ, యంత్రాన్ని బట్టీ ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు గనుక తయారీదారు సూచనలే ప్రమాణం. తడిగా ఉన్న పౌచ్‌ను బయటకు తీస్తే ఆ తడి గుండానే క్రిములు లోపలికి చేరతాయి. వేడి తగిలిందని తెలిపే సూచిక స్ట్రిప్ రంగు మారినంత మాత్రాన క్రిములు చచ్చాయని అర్థం కాదు; ఆ నిర్ధారణ కోసం తరచుగా, చాలాచోట్ల వారానికొకసారి, స్పోర్ పరీక్ష (చావడానికి మొండికేసే క్రిముల స్పోర్లను యంత్రంలో పెట్టి అవి చచ్చాయో లేదో చూడడం) చేస్తారు. సూదికి మూత పెట్టవలసి వస్తే రెండవ చేయి వాడకుండా, ట్రేలో ఉన్న మూతలోకి సూదిని దూర్చి ఎత్తడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి.

ఎక్స్‌రే సమయంలో ఫిల్మును గాని సెన్సరును గాని రోగి నోట్లో మీ వేళ్ళతో ఎన్నడూ పట్టుకోకూడదు, హోల్డరే వాడాలి. దంత వైద్యంలో ఎక్స్‌రేల వాడకానికి ఆద్యుల్లో ఒకరైన అమెరికా వైద్యుడు ఎడ్మండ్ కెల్స్ రేడియేషన్ తెచ్చిపెట్టిన క్యాన్సర్‌తో ముందు వేళ్ళు, తరువాత చేయి పోగొట్టుకుని 1928లో మరణించాడు. సహాయకురాలిని నియమించుకున్న తొలితరం దంత వైద్యుల్లో కూడా ఆయన ఒకడు.

చికిత్స జరుగుతున్నంతసేపు వైద్యుల చూపు పంటి మీదే ఉంటుంది కనుక రోగి ముఖాన్ని కనిపెట్టుకుని ఉండవలసింది సహాయకులే. పిడికిలి బిగుసుకోవడం, పెదవులు పాలిపోవడం, నుదుట చెమట పట్టడం కనబడితే వెంటనే చెప్పాలి. కళ్ళు తిరుగుతుంటే కుర్చీని వెల్లకిలా వాల్చి కాళ్ళు ఎత్తుగా ఉంచుతారు.

శిక్షణ పూర్తయ్యాక మొదటి ఉద్యోగానికి మాట్లాడడానికి వెళ్ళినప్పుడు జీతం సంగతికి ముందే స్టెరిలైజేషన్ గదిని, స్పోర్ పరీక్షల రిజిస్టరును చూపించమని మర్యాదగా అడగండి. చూపించడానికి వెనకాడితే మరో క్లినిక్ వెతుక్కోవడం మంచిది.