రైస్‌మిల్లు పాత వీబీ ప్రోగ్రామ్‌ను పైథాన్‌లోకి మార్చడం ఎట్లా

వడ్ల తూకం, తరుగు, హమాలీ లెక్కలు వేసే విజువల్ బేసిక్ 6 (వీబీ) ప్రోగ్రామ్‌ను పైథాన్‌లోకి మార్చమని మిర్యాలగూడ మిల్లు నుంచి పని వచ్చిందనుకోండి. ముందే కోడ్ తెరవొద్దు. పోయిన వానాకాలం, యాసంగి తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, డబ్బుల లెక్క చీటీలు) ఓ రెండొందలు తీసి, ఎక్కించిన అంకెలనూ పాత ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబునూ ఒక సీఎస్‌వీ ఫైల్‌లో పెట్టుకోండి. రద్దయిన బిల్లు, సున్నా తూకం, అడ్వాన్స్ ఎక్కువై రైతే తిరిగి కట్టాల్సిన బిల్లు కూడా అందులో ఉండాలి. మైనస్ అంకెలు లేకుండా పరీక్షిస్తే అసలు తప్పులు దాక్కుంటాయి.

కోడ్‌ను లైను లైనుగా మార్చడం ఏఐతో నిమిషాల్లో అయిపోతుంది. చిక్కంతా పేరు ఒకటే అయి పని వేరైన చోట.

రూపాయలకు సర్దే దగ్గర ఎక్కువ గొడవ. 2025-26లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 20.50 క్వింటాళ్లకు 48,974.50 అవుతుంది. వీబీ 'రౌండ్' దాన్ని 48,974 చేస్తుంది, ఎందుకంటే సరిగ్గా అర్ధ రూపాయి ఉంటే దగ్గరి సరిసంఖ్యకు పోతుంది. అదే మొత్తాన్ని 'ఫార్మాట్'తో అచ్చు వేస్తే 48,975. అంటే ఖాతాలో ఒకటి, కాగితం మీద ఒకటి! పైథాన్‌లో డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) పెట్టకుండా, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ వాడండి, విలువను స్ట్రింగ్‌గానే ఇవ్వండి. పాత కోడ్‌లో 'రౌండ్' ఉన్నచోట హాఫ్ ఈవెన్ (అర్ధ రూపాయి సరిసంఖ్యకు), 'ఫార్మాట్' ఉన్నచోట హాఫ్ అప్ (అర్ధ రూపాయి పైకి) పద్ధతి పెట్టాలి. వీబీ కరెన్సీ రకం నాలుగు దశాంశాలే ఉంచుకుంటుంది కాబట్టి విలువ దాంట్లో పడే ప్రతిచోటా మీరూ నాలుగుకే కుదించాలి. పాత లెక్క తప్పనిపించినా ముందు ఆ జవాబే రప్పించండి. సవరించాలా వద్దా అన్నది మిల్లు గుమస్తాతో కూర్చుని తర్వాత తేల్చుకోవచ్చు.

మైనస్ అంకెల సంగతి. -7ని 2తో పూర్ణాంక భాగహారం చేస్తే వీబీ -3 ఇస్తుంది, పైథాన్ -4. శేషం అక్కడ -1, ఇక్కడ 1. వీబీ 'ఇంట్'కు -2.5 ఇస్తే -3, పైథాన్ 'ఇంట్'కు ఇస్తే -2. అందుకే వీబీ 'ఇంట్'కు బదులు పైథాన్ ఫ్లోర్ (కింది పూర్ణాంకానికి దించేది), దశాంశాన్ని కోసేసే 'ఫిక్స్'కు పైథాన్ ఇంట్, పూర్ణాంకానికి సర్దే 'సీఇంట్'కు పైథాన్ రౌండ్.

వీబీలో ట్రూ విలువ -1. తేమ 17 శాతం దాటిన బస్తాలు లెక్కపెట్టడానికి, షరతును మొత్తంలోంచి తీసేసే పాత కిటుకు కొన్ని కోడ్‌లలో కనిపిస్తుంది. మైనస్ మైనస్ కలిసి ఒకటి పెరుగుతుంది. పైథాన్‌లో ట్రూ 1 కాబట్టి అదే లైను ఒకటి తగ్గిస్తుంది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తలకిందులు.

'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' కనిపిస్తే ఆగండి. తప్పు జరిగిన లైనును వదిలి అది తర్వాతి లైనుకు పోతుంది, వేరియబుల్‌లో పాత విలువే ఉండిపోతుంది. పైథాన్‌లో మొత్తం బ్లాకును ఒకే ట్రైలో (ఎర్రర్‌ను పట్టుకునే ఏర్పాటు) పెడితే మిగిలిన లైన్లన్నీ ఎగిరిపోతాయి. ఏ లైను తప్పగలదో చూసి దానికే ట్రై పెట్టాలి. ఇంటీజర్ రకం అంకె 32,767 దాటితే వీబీలో ఓవర్‌ఫ్లో ఎర్రర్, కిలోల మొత్తాల్లో ఇది ఇట్టే వస్తుంది. పైథాన్‌లో ఆ హద్దు లేదు కాబట్టి ఆ బిల్లుల జవాబు మారుతుంది.

చిన్నవి: పది అని ప్రకటించిన అర్రేలో మామూలుగా పదకొండు గడులుంటాయి, మాటలోంచి ముక్క తీసే 'మిడ్' అక్షరాలను ఒకటి నుంచి లెక్కిస్తుంది, రాతను అంకెగా మార్చే 'వాల్' 12,500లో కామా దగ్గరే ఆగి 12 ఇస్తుంది.

పాత యాక్సెస్ డేటాబేస్ ఫైల్ చదివే జెట్ డ్రైవర్ 32 బిట్‌దే, 64 బిట్ పైథాన్‌కు కనిపించదు. డేటా తీయడం వరకు 32 బిట్ పైథాన్ వేసుకోండి. రైతుల పేర్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టి ఉంటే యూనికోడ్‌లోకి మార్చాకే కొత్త డేటాబేస్‌లో ఎక్కించండి.

తేడా వచ్చిన ప్రతి తక్‌పట్టీకి కారణం దొరికేదాకా పాతది తీసేయొద్దు. కొనుగోళ్లు జోరుగా నడిచేటప్పుడు మార్చడం పిచ్చిపని. యాసంగి వడ్లు అయిపోయి వానాకాలం పంట ఇంకా రాని ఆగస్టు, సెప్టెంబరులో రెండింటినీ పక్కపక్కనే నడపండి.