ఇంట్లోనే కలర్ ఫిల్మ్ – మూడో పాఠం: నూరు డిగ్రీల నీళ్లు

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. 36 ఫ్రేముల కలర్ రీలు ఒకటి ఎక్కించుకుని, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోటికి వెళ్లి, రీలంతా అక్కడే పూర్తి చేసుకుని రమ్మన్నాను. మీతో పాటు నేనూ ఆ పని చేశాను. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి బండి మీద కొండదారి పట్టి చంద్రగిరి వెళ్లి, అక్కడి జిరంగ బౌద్ధారామం దగ్గర తీసుకొచ్చాను. ఈ పాఠంలో ఆ రీలునే మన ఇంట్లో కడుగుదాం, అంటే మందుల్లో ముంచి బొమ్మలు పైకి తెద్దాం.

జిరంగకి వెళ్లింది రంగుల కోసమే. 1960ల్లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లు గజపతి జిల్లాలో స్థిరపడిన చోటది. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో ఎరుపు, బంగారు రంగుల ఆరామం. తోరణాల్లా కట్టిన ప్రార్థన జెండాలు గాలికి ఎగురుతుంటాయి: నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ ఇదే వరస. కలర్ ఫిల్మ్ నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి రంగుల పట్టీ ఎక్కడా కొనక్కర్లేదు. మీది బరంపురమైతే గోపాల్‌పూర్ ఒడ్డున పడవలు తీసుకోండి, రాయగడ అయితే వారపు సంత తీసుకోండి. ఎక్కడికి వెళ్లినా ఒక్క ఫ్రేములో మాత్రం నేరుగా ఎండ పడే తెల్లబట్ట ఒకటి ఉండాలి. దాని అవసరం చివర్లో చెబుతాను.

వెలుతురు గురించి రెండో పాఠంలో చెప్పిందే, ఒక్క మాట గుర్తు చేస్తాను. నా రీలు కొడాక్ గోల్డ్ 200. డబ్బా మీద 200 అని (ఫిల్మ్ వెలుతురుకి ఎంత స్పందిస్తుందో చెప్పే ఐఎస్‌ఓ అంకె) ఉన్నా, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుని 100కి పెట్టి తీశాను. కలర్ నెగెటివ్ ఎక్కువ వెలుతురుని ఒకటి రెండు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) హాయిగా తట్టుకుంటుంది. తక్కువైతే మాత్రం నీడలు బురదలా మారి, చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలో లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్ 16, షట్టర్ వేగం సెకనులో 125వ వంతు. ఆరామం చూరు కింద నీడలో కూర్చున్న ముసలాయన్ని తీసినప్పుడు అదే వేగంతో ఎఫ్ 4. ఆయన్ని ముందు అడిగాను, నవ్వి తలూపాకే కెమెరా ఎత్తాను. ప్రార్థన మందిరంలో మాత్రం కెమెరా సంచిలోనే ఉంచాను.

ఎండాకాలంలో తీసిన రీలుని బండి డిక్కీలో వదిలేయకండి. వేడికి ఫిల్మ్ రంగు మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కలర్ నెగెటివ్ కడిగే పద్ధతిని సి-41 అంటారు. 1972లో కొడాక్ తెచ్చింది. 100 ఐఎస్‌ఓ అయినా 400 అయినా, ఏ కంపెనీదైనా, సి-41 ఫిల్మ్ అన్నిటికీ ఒకటే లెక్క: డెవలపర్ అనే మొదటి మందులో 37.8 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. అంత ఖచ్చితంగా ఎందుకంటే, ఫిల్మ్ మీద పైన నీలి వెలుతురుని పట్టే పొర, మధ్యలో ఆకుపచ్చది, అడుగున ఎరుపుది ఉంటాయి. డెవలపర్ పైపొరలోంచి దిగి అడుగు పొర దాకా చేరాలి, మూడు పొరలూ ఒకేలా పండాలి. నీళ్లు చల్లబడితే మూడూ ఒకే లెక్కన వెనకబడవు, ఒక్కోటి ఒక్కోలా వెనకబడుతుంది. అప్పుడు నీడలు ఒక రంగుకి, వెలుగులు ఇంకో రంగుకి తిరుగుతాయి. తరవాత కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో డిగ్రీ తేడా వస్తే టైము సర్దుకుంటే సరిపోయేది. ఇక్కడ ఆ వీలు లేదు.

37.8 అంటే ఫారెన్‌హీట్‌లో సరిగ్గా 100. ఈ అంకె మన ఇళ్లలో అమ్మలందరికీ తెలుసు. పిల్లాడి చంకలో థర్మామీటర్ పెట్టి "నూరుంది, బడికి వద్దులే" అనే అంకె ఇదే. నాకు ఈ సంగతి తట్టడానికి మూడు రీళ్లు పట్టింది.

మొదట్లో వంటింటి డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని దాన్నే నమ్మాను. మూడు రీళ్లు వరసగా పల్చగా వచ్చాయి, అన్నిట్లో రంగులు నీరసంగా ఉన్నాయి. మందులు పాతవేమో అనుకున్నాను. ఒకరోజు ఇంట్లో ఎవరికో జ్వరం చూస్తుంటే అనుమానం వచ్చింది. ఒక మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి, వంటింటిదీ జ్వరానిదీ పక్కపక్కన ముంచాను. జ్వరం థర్మామీటర్ 100 చూపించినప్పుడు వంటింటిది 39 సెంటీగ్రేడు చూపిస్తోంది. అంటే నేను 37.8 అనుకుని పోసిన మందు నిజానికి 36.6 దగ్గరే ఉంది. జ్వరం థర్మామీటర్‌ని తయారుచేసేదే ఆ కొద్ది డిగ్రీల మధ్య తేడా పట్టుకోవడానికి. మీ ఇంట్లో అంతకంటే నమ్మకమైనది ఉండదు. మీరూ రీలు కడిగే ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేయండి. జ్వరం థర్మామీటర్ ఎక్కువ వేడినే గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి, ప్రతిసారీ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. దాన్ని నీళ్లలోనే ముంచండి, మందుల్లో పెట్టొద్దు. వంటింటి థర్మామీటర్ మీద తేడా ఎంతో స్కెచ్ పెన్నుతో రాసుకుని, ఇక దాన్ని ఈ పనికే ఉంచండి, వంటకి వాడొద్దు.

వేడి నిలబెట్టడానికి ఖరీదైన యంత్రాలున్నాయి. నేను వాడేది చేపలు ఐసులో పెట్టి పంపే థర్మాకోల్ పెట్టె. అందులో 39 డిగ్రీల నీళ్లు నింపి, డెవలపర్ సీసా, బ్లిక్స్ (డెవలపర్ తరవాత పోసే మందు) సీసా, కడగడానికి రెండు సీసాల మంచినీళ్లు మెడదాకా ముంచి అరగంట మూత వేస్తాను. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా చల్లారతాయి. మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి వాటంతటవే వేడెక్కిపోయి ఉంటాయి, కుండనీళ్లు కలిపి దించుకోవాల్సి వస్తుంది. కోరాపుట్ వైపు డిసెంబరులో దీనికి తిరగబడుతుంది: కెటిల్ పక్కనే పెట్టుకుని వేడినీళ్లు కలుపుతూ ఉండాలి.

ఫిల్మ్‌ని కడిగే ట్యాంకు (వెలుతురు చొరని మూత డబ్బా) లోపలి స్పైరల్ చక్రానికి ఎక్కించడం చేంజింగ్ బ్యాగ్‌లోనే (చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని సంచి), పూర్తి చీకట్లో. ఇక్కడ మన తీరప్రాంతం గాలి పెద్ద అడ్డంకి. వానాకాలంలో బ్యాగ్‌లో చేతులు పెట్టిన ఐదు నిమిషాలకే చెమట పడుతుంది, స్పైరల్ గాడిలో తేమ చేరితే ఫిల్మ్ సగంలో పట్టేస్తుంది. బలవంతంగా నెడితే ముడత పడి ఒక చుట్టు ఇంకో చుట్టుకి అంటుకుంటుంది. అంటుకున్నచోట మందు తగలదు. రథయాత్ర రోజు తీసిన నాలుగు ఫ్రేములు నాకు అలాగే పోయాయి. అందుకే ముందురోజే స్పైరల్‌ని ఎండలో ఆరబెట్టండి, చేతులు ఫ్యాను కింద ఆరనివ్వండి, ఫిల్మ్ కొసన రెండు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి. పట్టేస్తే ఆగి, ఫిల్మ్‌ని ట్యాంకులో వదిలి మూత పెట్టేసి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడేంత పనేమీ లేదు.

గ్లౌజులు వేసుకోండి, కిటికీ తెరవండి. డెవలపర్ కొందరి చర్మానికి పడదు. మందులు కలిపిన మగ్గులు, గరాటాలు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. కూల్‌డ్రింక్ సీసాల్లో అసలు పోయొద్దు. పిల్లలున్న ఇంట్లో ఎంత పెద్ద లేబుల్ అంటించినా అది తాగే సీసాలాగే కనిపిస్తుంది.

ముందుగా 39 డిగ్రీల నీళ్లు ట్యాంకులో పోసి నిమిషం ఉంచి పారబోయండి. దాంతో ట్యాంకు వేడెక్కుతుంది. నీళ్లు రంగుతో వస్తాయి, కంగారు పడకండి. తరవాత డెవలపర్ పోసి స్టాప్‌వాచ్ నొక్కండి. మొదటి పది సెకన్లు ఆపకుండా తిప్పాలి, ఆపైన ప్రతి 30 సెకన్లకి నాలుగుసార్లు తలకిందులు చేయాలి. తిప్పడం అయ్యాక ట్యాంకుని నీళ్ల పెట్టెలోకే దించండి, బల్ల మీద పెట్టొద్దు. ట్యాంకు ఖాళీ కావడానికి పది సెకన్లు పడుతుంది, కాబట్టి 3 నిమిషాల 5 సెకన్లకే వంచడం మొదలుపెట్టండి. మీ మందుల కిట్‌తో వచ్చిన కాగితం మీద టైము, వేడి వేరేగా రాసి ఉంటే కాగితం మాటే వినండి. అప్పటికే రీళ్లు కడిగిన డెవలపర్ అయితే కాస్త టైము పెంచాలి, అదీ ఆ కాగితం మీదే ఉంటుంది. ఈ మూడు నిమిషాల్లో ఫోను మోగితే మోగనివ్వండి.

తరవాత బ్లిక్స్, ఎనిమిది నిమిషాలు. ఫిల్మ్‌లోని వెండిని తీసేసి రంగుల్ని మాత్రం మిగిల్చే మందు ఇది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పర్వాలేదు, నిమిషం ఎక్కువైనా నష్టం లేదు. అయితే ట్యాంకులో గ్యాసు పడుతుంది, మొదటిసారి తిప్పగానే మూత కొద్దిగా ఎత్తి వదలండి, లేకపోతే చిమ్ముతుంది. ఇంకో జాగ్రత్త: బ్లిక్స్ చుక్క డెవలపర్ సీసాలో పడితే ఆ డెవలపర్ చెడిపోయినట్టే. గరాటాలు రెండు పెట్టుకోండి, ఒకదానికి ఎర్ర టేపు చుట్టండి.

ఆపైన గోరువెచ్చని నీళ్లతో మూడు నిమిషాలు, నీళ్లు మారుస్తూ కడగాలి. చివర స్టెబిలైజర్‌లో (రంగుల్ని నిలబెట్టే మందు) ఒక నిమిషం. మా బోరునీళ్లతో కలిపితే ఫిల్మ్ మీద తెల్ల మరకలు మిగిలాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపాక ఆ బాధ తప్పింది. స్టెబిలైజర్ తరవాత నీళ్లతో కడగొద్దు.

ఈ చివరి రెండు పనుల్నీ అశ్రద్ధ చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్నబండిని మా మావయ్య 1990ల్లో ఒక రీలు తీశాడు. ఆ నారో గేజ్ బండి 2004లో ఆగిపోయింది, ఇప్పుడక్కడ నడిచేది బ్రాడ్ గేజ్. గోడకి తగిలించిన ప్రింట్లలో ఎరుపు తప్ప ఏమీ మిగల్లేదు. బీరువాలో కవర్లో పెట్టిన నెగెటివ్‌లు మాత్రం నిలిచాయి. వాటి నుంచి పోయినేడాది మళ్లీ తీసిన ప్రింటులో ఇంజను పక్కన నిలబడ్డ మా అత్త చీర అంచు ఆకుపచ్చ అని నాకు మొదటిసారి తెలిసింది. ఆ నెగెటివ్‌ని ఆనాడు ఎవరో శ్రద్ధగా కడిగారు.

వాడిన బ్లిక్స్‌లో మన ఫిల్మ్ మీది వెండి చేరి ఉంటుంది. అది కాలువలోకి గానీ చెరువులోకి గానీ వెళ్లకూడదు. మా ఊరి కాలువ నీళ్లు చేరేది మహేంద్రతనయ నదిలోకే. ఒక డబ్బాలో నింపి, మూత బిగించి, పేరు రాసి పెట్టండి. ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన మందు (ఫిక్సర్) నుంచి వెండి తీసేవాళ్లు దొరికితే వాళ్లకివ్వండి.

ఇప్పుడు ఫిల్మ్‌ని స్నానాల గదిలో, ఫ్యాను లేకుండా, అడుగున బట్టల క్లిప్పు తగిలించి వేలాడదీయండి. తడిగా ఉన్నప్పుడు పాలు కలిపినట్టు మసగ్గా కనిపిస్తుంది, ఆరితే పోతుంది. నా రీలు ఆరాక జెండాల ఫ్రేముని కిటికీకి పెట్టి చూశాను. నెగెటివ్ కాబట్టి రంగులు తిరగబడి, నారింజ రంగు ఫిల్మ్ మీద ఎర్ర జెండా నీలం ఆకుపచ్చ కలిసినట్టు, ఆకుపచ్చది వంకాయ రంగుకి దగ్గరగా, తెల్లది అన్నిటికన్నా చిక్కగా, ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. దాని మడతల నీడలు కూడా విడివిడిగా కనిపించాయి. చూరు కింద ముసలాయన ముఖం పల్చగా ఉన్నా కళ్ల కింద ముడతలు పోలేదు. మీ రీల్లో తెల్లబట్ట మరీ పల్చగా ఉంటే, మీ కెమెరా మీటరు సరైనదే అయితే, మీ నీళ్లు చల్లబడ్డాయన్నమాట. థర్మామీటర్ పరీక్ష మళ్లీ చేయండి.

నాలుగో పాఠంలో ఈ నెగెటివ్‌ని కెమెరాతోనే స్కాన్ చేసి రంగులు తిప్పుతాం. అప్పటికి ఫిల్మ్‌ని ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి కవర్లలో పెట్టుకోండి. తెల్లబట్ట ఉన్న ఫ్రేము నంబరు కవరు మీద రాసి ఉంచండి, మొదలుపెట్టేది దానితోనే.