పాత కారును తుక్కుకిచ్చి కొత్త కారుపై రాయితీ పొందడం ఎలా?

పదిహేనేళ్లు దాటిన కారు ఇంటి ముందు దుమ్ము పట్టి ఉంటే చాలామంది పాత ఇనుము కొట్టుకు ఫోన్ చేసి, ఎంతిస్తే అంత తీసుకుని వదిలించుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. 2021 ఆగస్టులో కేంద్రం ప్రారంభించిన వాహన తుక్కు విధానంలో రాయితీలన్నీ, బండిని తుక్కుకు అప్పగించినట్టు ఇచ్చే ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ అనే కాగితంతో ముడిపడి ఉన్నాయి. దాన్ని ఇచ్చే అధికారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఉంటుంది. పైగా కొట్టులో ఇచ్చేస్తే ఆర్‌సీ మీ పేరు మీదే మిగిలిపోతుంది. రేపు ఆ నంబరుతో ఎవరు ఏం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

అమ్మాలా, తుక్కుకివ్వాలా?

తెలుగు రాష్ట్రాల్లో సొంత కారుకు 15 ఏళ్లు నిండాయని తుక్కుకు ఇచ్చి తీరాలన్న రూలు లేదు. ఫిట్‌నెస్ ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. అయితే ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. దీనికి రిపేర్ల ఖర్చు కలిపి చూసుకోండి. బండి బాగా నడుస్తూ, సెకండ్ హ్యాండ్‌లో మంచి ధర పలుకుతుంటే అమ్మడమే లాభం. పొగ కక్కుతూ, నెలకోసారి మెకానిక్ దగ్గరికి వెళ్లే బండి అయితే ఇంకా ఆలోచించొద్దు. ఫిట్‌గా ఉన్న వాహనాల కంటే పాతవి 10 నుంచి 12 రెట్లు ఎక్కువ కాలుష్యం వదులుతాయని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే.

కాగితాలు సరిచేసుకోండి

ఎక్కువమందికి పని ఆగిపోయేది ఇక్కడే. లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు (హైపోథెకేషన్) అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) తెచ్చి ముందు దాన్ని తీయించండి. పెండింగ్ చలాన్లు, పన్ను బకాయిలు కట్టేయండి. బండి మీద పోలీసు కేసు ఉన్నా, బ్లాక్‌లిస్టులో ఉన్నా స్క్రాపింగ్ కేంద్రం తీసుకోదు. చనిపోయిన నాన్నగారి పేరు మీద ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రాలు కావాలి. వీటికి సమయం పడుతుంది కాబట్టి కొత్త కారు బుక్ చేయకముందే మొదలుపెట్టండి. ఒరిజినల్ ఆర్‌సీ, ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు దగ్గర పెట్టుకోండి.

స్క్రాపింగ్ కేంద్రాన్ని ఎంచుకోండి

కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కేంద్రాల జాబితా ఉంటుంది. అందులో లేనివాళ్లు ఎంత నమ్మకంగా మాట్లాడినా వద్దు. కారు ఏ జిల్లాలో రిజిస్టర్ అయినా ఏ కేంద్రంలోనైనా ఇవ్వొచ్చు. రెండు మూడు చోట్ల రేటు అడగండి. బండిని తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. తుక్కు విలువ కొత్త కారు ఎక్స్‌షోరూమ్ ధరలో (పన్ను, రిజిస్ట్రేషన్, బీమా కలపని ధర) 4 నుంచి 6 శాతం ఉంటుందని విధానం ప్రకటించినప్పుడు కేంద్ర ప్రభుత్వం అంచనా వేసింది. అసలు రేటు మాత్రం బండి బరువు, ఇనుము ధరను బట్టి మారుతుంది.

బండి అప్పగించేటప్పుడు

సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చేతికి రాగానే పేరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కొక్క అంకె పోల్చి చూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా రాయితీ దగ్గర చిక్కే. ఆ తర్వాత బ్యాటరీ, ఆయిల్, ఏసీ గ్యాస్ తీసేసి బండిని విడగొడతారు. ఛాసిస్ నంబరు చెక్కి ఉన్న లోహపు ముక్కను కోసి విడిగా భద్రపరుస్తారు. ఆ నంబరు ఇంకో బండి మీదికి ఎక్కకుండా ఇదే కాపలా. పని పూర్తయ్యాక స్క్రాపింగ్ సర్టిఫికెట్ వస్తుంది. అది కూడా తీసుకుని, ఆర్‌సీ రద్దయిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

రాయితీ వాడుకోండి

కొత్త కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అవుతుంది. వాహన పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు తగ్గించవచ్చని కేంద్రం రూలు పెట్టింది. ఆ పరిమితిలో ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టం. ఆ పన్ను (లైఫ్ ట్యాక్స్) 1,20,000 ఉందనుకుంటే, పూర్తి 25 శాతం ఇచ్చే చోట 30,000 మిగులుతాయి. తెలంగాణ 2024 అక్టోబరులో తన విధానం ప్రకటించింది. అక్కడ సొంత వాహనాలకు ధరను బట్టి శ్లాబుల వారీగా రాయితీ ఉంటుంది. మీ ఆర్టీఏ ఆఫీసులో ఇప్పటి లెక్క అడిగాకే షోరూమ్‌కు వెళ్లండి.

షోరూమ్‌లో కొటేషన్ వేయకముందే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపించండి. కొటేషన్లో లైఫ్ ట్యాక్స్ అంకె తగ్గిందో లేదో మీ కళ్లతో చూడండి. పన్ను కట్టేసి, రిజిస్ట్రేషన్ అయిపోయాక వెనక్కి రాబట్టుకోవడం పెద్ద టెన్షన్. కంపెనీ డిస్కౌంట్ కూడా విడిగా అడగండి. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు ఎక్స్‌షోరూమ్ ధరలో 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఇస్తామని పరిమిత కాలానికి ఒప్పుకున్నాయి. ఇప్పుడు మీ మోడల్‌పై ఏముందో రాతపూర్వకంగా తీసుకోండి.

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు ఒక విషయం గమనించాలి. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఎలాగూ లేవు. అలాంటప్పుడు పన్ను దగ్గర ఈ సర్టిఫికెట్‌తో ఒరిగేదేమీ లేదు. దాన్ని వేరేవాళ్లకు అమ్ముకునే వీలుంది. ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ ఇందుకోసమే డిజిఈఎల్‌వీ అనే ఆన్‌లైన్ వేదిక నడుపుతోంది. అసలు కొత్త కారే కొననివాళ్లకూ ఇదే దారి. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది కాబట్టి దాని మీది తేదీ చూసుకోండి.

ఇంకో రెండు పనులు

పాత కారు ఇన్సూరెన్స్‌పై నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు దక్కే తగ్గింపు) ఉంటే బీమా కంపెనీ నుంచి లెటర్ తీసుకోండి. కొత్త కారు ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో అది 50 శాతం దాకా తగ్గిస్తుంది. ఫాస్టాగ్‌ను బ్యాంకుకు చెప్పి మూయించి, మిగిలిన బ్యాలెన్స్, డిపాజిట్ వెనక్కి అడగండి.