సంఘ సంవత్సరానికి ప్రసంగాలను ముందుగా సిద్ధం చేసుకునే విధానం

ఆదివారపు ప్రసంగానికి వాక్యభాగాన్ని శనివారం రాత్రి వెదకడం మొదలుపెట్టే బోధకునికి చేతికి దొరికేది తనకు బాగా అలవాటైన వాక్యమే. ఏడాది తిరిగాక లెక్క చూస్తే, సంఘం విన్న యాభై రెండు ప్రసంగాలు నిజానికి నాలుగైదే అని తేలుతుంది. సంఘ సంవత్సరాన్ని, అంటే పండుగలు, ఆరాధన కాలాల వరుసను అనుసరించి ముందుగా ప్రణాళిక వేసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. విశ్వాసం, కృతజ్ఞత, సహవాసం అనే మూడు అంశాలను దృష్టిలో ఉంచుకొని, హైదరాబాదు, సికింద్రాబాదు సంఘాలలో వాక్యం చెప్పేవారి కోసం ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

అక్టోబరులో ఒక పెద్ద నోటుపుస్తకం తీసుకోండి. సంఘ సంవత్సరం నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలపు మొదటి ఆదివారంతో ఆరంభమవుతుంది గనుక అప్పటికి కనీసం నెల రోజుల వ్యవధి ఉండాలి. ఎడమ పేజీలో ఆగమనకాలం, క్రిస్మస్, శ్రమకాలం (పునరుత్థాన పండుగకు ముందు వచ్చే లెంట్ రోజులు), మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, పునరుత్థానం, ఆరోహణం, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారం తేదీలతో సహా రాయండి. ఏ ఆదివారం ఏ వాక్యభాగం చదవాలో చెప్పే, అనేక సంఘాలు వాడే మూడేళ్ల పఠన పట్టికలో ఒక ఏడు మత్తయి, మరుసటి ఏడు మార్కు, ఆపై లూకా ప్రధానంగా వస్తాయి. యోహాను సువార్త ముఖ్యంగా పండుగ కాలాలలో వస్తుంది. దక్షిణ ఇండియా సంఘానికి (సి.ఎస్.ఐ.) తన సొంత పంచాంగం ఉంది. పట్టికలు పాటించని స్వతంత్ర సంఘాల బోధకులు కూడా దానిని దగ్గర ఉంచుకుంటే, తాము ఎన్నడూ ముట్టని వాక్యభాగాలు ఎన్ని ఉన్నాయో వారికే తెలుస్తుంది.

కుడి పేజీలో సంఘస్థుల సంవత్సరాన్ని రాయాలి. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు, జూన్‌లో బడి ఫీజులు, ఆషాఢంలో బోనాల ఆదివారాలు (సికింద్రాబాదులో ఆ రోజు దారులు మూసేస్తారు గనుక ఆరాధన వేళ కూడా మారవచ్చు), రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా ఆరాధనకు వచ్చే నర్సులు, ఈ ఏడాది ఎవరి ఇంట మరణం జరిగింది, ఎవరి ఉద్యోగం పోయింది, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఏ ఆదివారానికి ఏ వాక్యం అన్నది రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే నిర్ణయించండి.

విశ్వాసాన్ని గూర్చి బోధించడానికి ఆగమనకాలం, శ్రమకాలం అనువైనవి. అయితే మన నగరంలో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలై, ప్రభువు కోసం ఎదురుచూడడం నేర్పవలసిన కాలాన్ని కేకులతో ముగించేస్తాయి. వాటిని ఆపడం ఏ పాస్టరుగారి తరమూ కాదు. మొదటి రెండు ఆదివారాలనైనా జెకర్యా మౌనానికీ (లూకా 1), యెషయా 40వ అధ్యాయానికీ కేటాయిస్తే చాలు. శ్రమకాలపు నలభై రోజులు (ఆదివారాలను మినహాయించి లెక్కిస్తారు) తరచుగా పరీక్షల కాలంతో కలిసి వస్తాయి. అప్పుడు మంచి మార్కులను విశ్వాసానికి రుజువుగా చూపించకండి, ఎందుకంటే ఫలితాలు వచ్చిన మరుసటి ఆదివారం తప్పిన పిల్లవాడు కూడా అదే బల్ల మీద కూర్చుంటాడు. నమ్ముతున్నానని చెబుతూనే తన అపనమ్మకానికి సహాయం అడిగిన తండ్రి కథ (మార్కు 9) ఆ కాలానికి ఎంతో తగినది. మంచి శుక్రవారం నాడు, యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచేటప్పుడు ఒక్కొక్కరికి పది పన్నెండు నిమిషాలకు మించి ఇవ్వకండి, మొదటి మాట చెప్పేవారు పునరుత్థానం దాకా వెళ్లకుండా ముందే చెప్పి ఉంచండి.

బోధకులు ఎక్కువగా తడబడేది కృతజ్ఞత దగ్గర. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యాలు, వాగ్దాన కార్డులు, ఆ తరువాత ఏడాదంతా ఇళ్లలో కృతజ్ఞత కూడికలు, వర్షాకాలపు పంట చేతికొచ్చే రోజులలో కోతల పండుగ, వీటన్నిటిలోనూ పొందినవారే మాట్లాడతారు. కొన్నేళ్ల క్రితం నేను ఒక కోతల పండుగలో, స్తుతించేవారి ఇంట కొరత ఉండదని ఉత్సాహంగా చెప్పాను. ఆ ఏడాదే భర్తను పోగొట్టుకొని రెండిళ్లలో వంట చేస్తున్న ఒక అక్క ఆ తరువాత నెల రోజులు ఆరాధనకు రాలేదు. అడిగితే, "నా స్తుతిలోనే లోపం ఉందేమో అయ్యగారూ" అన్నారు. నాటి నుంచి కృతజ్ఞత ప్రసంగాన్ని రాశాక, ఏమీ పొందనివారి చెవితో ఒకసారి చదువుకోవడం అలవాటు చేసుకున్నాను. మీరూ అలాగే చేయండి. పంట లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు 3వ అధ్యాయాన్ని తీసుకుంటే, ఖాళీ కొట్టాన్ని దాచిపెట్టకుండా పేరు పెట్టి చెప్పిన తరువాతే ప్రవక్త స్తుతి మొదలవుతుందని గమనించవచ్చు.

కోతల పండుగకు మరొక చిక్కు ఉంది. సంఘంలో పొలం దున్నేవారు దాదాపు లేరు. మోండా మార్కెట్‌లోనో రైతుబజారులోనో కొన్న గుమ్మడికాయలు బలిపీఠం ముందు పెడతాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. వేలంలో నవ్వులుంటాయి, మంచిదే, కానీ ఎవరు ఎంతకు పాడారన్నదే ఇంటిదాకా వెళితే ప్రసంగం మరుగున పడుతుంది. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం ఇక్కడ ఎంతో సహాయపడుతుంది. ప్రథమఫలాల గంప తెచ్చిన మనిషి ముందుగా తన పితరుల వలసనూ, ఐగుప్తు దాస్యాన్నీ చెప్పుకుంటాడు, ఆపై లేవీయునితోనూ పరదేశితోనూ కలిసి సంతోషిస్తాడు. పాలమూరు నుంచో గోదావరి జిల్లాల నుంచో బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలకు ఈ మాటలను విడమరచి చెప్పనక్కరలేదు. పండుగకు రెండు వారాల ముందు, ఎవరి పనికి సంబంధించిన వస్తువును వారు తీసుకురమ్మని చెప్పి చూడండి. తాపీ, కుట్టుమిషను కత్తెర, ఆటో తాళం గంపల పక్కన చేరితే వాక్యం సగం బోధించినట్టే. దృష్టాంతంగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కేథడ్రల్‌ను చెప్పవచ్చు. కరువు రోజులలో కూలికి బదులు అన్నం దొరికిన పని అది. దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరగారి పేరు చెప్పి ఊరుకోకుండా, రాళ్లు మోసినవారిని గురించి కూడా చెప్పండి.

సహవాసానికి, పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినాన్ని తలచుకునే పెంతెకొస్తు ఒక సందర్భం, సెప్టెంబరు 27 మరొకటి. 1947లో అదే రోజున వేర్వేరు మిషనుల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. ఆంగ్లికన్ నేపథ్యమున్న సికింద్రాబాదు సెయింట్ జాన్స్ చర్చి, మెథడిస్టు నేపథ్యమున్న వెస్లీ చర్చి ఇప్పుడు ఒకే సంఘంలో ఉండడం మన కళ్ల ముందున్న ఉదాహరణ. కానీ ఐక్యతను పొగిడి కూర్చుంటే సరిపోదు. ఊరి నుంచి వెంట తెచ్చుకున్న కులపు గీతలు సంఘ ఎన్నికల వేళ పైకి వస్తాయని అందరికీ తెలుసు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు వడ్డనలో జరిగిన పక్షపాతాన్ని ఆది సంఘం బహిరంగంగా ఒప్పుకొని సరిదిద్దుకుంది గనుక, ఆ అధ్యాయం నుంచి మాట్లాడితే ఎవరినీ వేలెత్తి చూపకుండానే విషయం అందుతుంది. దీనిని ఎన్నికల ముందు వారంలో కాకుండా కొన్ని నెలల ముందే బోధించండి, లేకపోతే ఒక వర్గం తరఫున మాట్లాడినట్టు వినిపిస్తుంది.

రాయడం విషయానికి వస్తే, వాక్యభాగాన్ని సోమవారమే బిగ్గరగా చదవండి. మన బైబిలు భాష గ్రాంథికం కాబట్టి, కొత్త తరానికి అర్థం కాని మాటలను గుర్తించి వాటిని నేటి తెలుగులో ఒకసారి తిరిగి చెప్పాలి. ప్రసంగ సారమంతా ఒకే వాక్యంలో ఇమడకపోతే అది ఇంకా సిద్ధం కానట్టే లెక్క. ఇరవై ఐదు నిమిషాలు చాలు.

ప్రణాళికలో మూడు నాలుగు ఆదివారాలకు ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేయండి. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు నగరంలో కాలనీలు మునిగిపోయినప్పుడు, ముందే రాసుకున్న ప్రసంగాన్ని పక్కన పెట్టి 13వ కీర్తనలోని "ఎంతకాలము" అన్న ప్రశ్నను చదవవలసి వచ్చింది. ఖాళీగా ఉంచిన వారం ఉంటే, పక్కకు జరిగిన ప్రసంగాన్ని అక్కడికి మార్చుకోవచ్చు.