పీపాలో మాగిన పల్లె బీరు - 4వ పాఠం: ఏ వాసన ఎవరి పని?

కిందటి పాఠంలో సెజోన్ డ్యుపాంట్‌తో సాధన చేశాం (సెజోన్ అంటే బెల్జియం పల్లె బీరు). బెల్జియంలోని ఎనో ప్రాంతంలో, తూర్ప్ అనే ఊళ్లో తయారయ్యే ఆ బీరులో 6.5 శాతం ఆల్కహాలు. తీపి దాదాపు ఉండదు, మిరియాల ఘాటు ఉంటుంది. అందులో అడవి ఈస్టు లేదు, పీపా లేదు. ఈసారి అదే కుదురు బీరును ఓక్ పీపాలో నెలలు, ఏళ్లు ఉంచి, బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్టుకూ పులుపు పుట్టించే బ్యాక్టీరియాకూ అప్పగిస్తే వచ్చేదాన్ని తీసుకుంటున్నాం.

ఇలాంటి బీరును ఒక గుక్క తాగి, పుల్లగా ఉంది, ఏదో వింత వాసన అని పక్కన పెడితే రుచి చూసినట్టు కాదు. ముక్కుకూ నాలుకకూ తగిలిన ప్రతిదాన్నీ అడగాలి: ఇది ఈస్టు పనా, బ్యాక్టీరియా పనా, కొయ్య పనా, గాలి పనా? ఈ నలుగురినీ విడదీయడమే ఇవాళ్టి పాఠం.

సీసా ఎంచుకునేటప్పుడు లేబుల్ మీద ఓక్ పీపా, బ్రెట్ (బ్రెట్టనోమైసిస్‌కు పొట్టిపేరు) రెండూ ఉన్నాయో లేదో చూడండి. టెక్సస్‌లో ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు జెస్టర్ కింగ్ బ్రూవరీ దగ్గర్లోనే ఉంది. వెర్మాంట్ వైపు వాళ్లకు హిల్ ఫార్మ్‌స్టెడ్. 750 మి.లీ. సీసా ఒకటి ఆరుగురికి సరిపోతుంది. మనిషికి 120 మి.లీ. కంటే ఎక్కువ అక్కర్లేదు.

ముందురోజు పని

సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టి కనీసం 24 గంటలు ఉంచండి. అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది, అది పేరుకోవాలి. ఆ సాయంత్రమే ముక్కుకూ నాలుకకూ నమూనాలు సిద్ధం చేసుకోండి. అర లీటరు నీళ్లలో 88 శాతం ల్యాక్టిక్ ఆమ్లం (హోమ్‌బ్రూ దుకాణాల్లో దొరుకుతుంది) 1 మి.లీ. కలపండి. ఇంకో అర లీటరులో 5 శాతం వైట్ వెనిగర్ 20 మి.లీ. కలపండి. రెండింటిలోనూ ఆమ్లం లీటరుకు సుమారు 2 గ్రాములే. చిక్కటి ల్యాక్టిక్ ఆమ్లాన్ని నేరుగా నాలుక మీద వేసుకోకూడదు, చేతికి తగిలితే వెంటనే కడుక్కోవాలి.

ఇప్పుడు రెండు గ్లాసులనూ వాసన చూడండి. మొదటిదానికి వాసన దాదాపు ఉండదు, రెండోది ముక్కును పొడుస్తుంది. ల్యాక్టిక్ ఆమ్లం ఆవిరి కాదు, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే పాఠంలో సగం వచ్చినట్టే. బీరులో పులుపు నోట్లో మాత్రమే తెలిసి, ముక్కుకు తెలియకపోతే అది ల్యాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే బ్యాక్టీరియాల పని. గ్లాసు దగ్గరికి తేగానే పుల్లటి ఘాటు తగిలితే పీపాలోకి గాలి వెళ్లింది, ఎసిటోబాక్టర్ (వెనిగర్ పుట్టించే బ్యాక్టీరియా) పని చేసింది అని అర్థం.

వీటితోపాటు రెండు లవంగాలు, కాస్త ఎండుకొబ్బరి, వనిల్లా ఎసెన్స్ చుక్క, ఒక బ్యాండ్-ఎయిడ్, అసిటోన్ లేని నెయిల్ పాలిష్ రిమూవర్ (సాధారణంగా ఇందులో ఉండేది ఇథైల్ ఎసిటేట్) విడివిడిగా మూత ఉన్న డబ్బాల్లో పెట్టుకోండి. రిమూవర్ వాసన చూడటానికే, అదీ దూరం నుంచి.

పోయడం, చూడటం

తాగే ముందు ఇరవై నిమిషాలు బయట పెడితే సీసా 8 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తుంది. గ్లాసు ట్యులిప్ ఆకారంలోది గానీ, వైన్ గ్లాసు గానీ. సబ్బు వాసన, నూనె జిడ్డు ఉండకూడదు, ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచకూడదు. కార్కు ఉన్న సీసాకు గుడ్డ కప్పి, కార్కును కదలకుండా పట్టుకుని సీసాను తిప్పండి. పక్కన ఒక జగ్గు ఉంచుకోండి. బ్రెట్ సీసాలో కూడా చక్కెరలు తింటూనే ఉంటుంది కాబట్టి కొన్ని సీసాలు పొంగుతాయి.

పోశాక నురగ త్వరగా కూలితే లోపమని రాయకండి, పుల్లటి బీర్లలో అది మామూలే. మసకగా ఉన్నా ఫర్వాలేదు. కానీ నూనెలా జారుతూ, తీగలు సాగుతూ పడితే పీడియోకాకస్ జిగురు ఇంకా విరగలేదన్నమాట. బ్రెట్ దాన్ని విరిచేస్తుంది, దానికి ఇంకా నెలలు కావాలి. తొందరపడి సీసాలో పోశారు.

ముక్కు

గ్లాసు తిప్పకుండా రెండు పొట్టి పీల్పులు. ముక్కును అంచుకు ఒక అంగుళం పైనే ఉంచండి, లోపలికి దూర్చితే కార్బన్ డయాక్సైడ్ మంట తప్ప ఇంకేమీ తెలియదు. తర్వాత అరచేత్తో మూసి మెల్లగా తిప్పి, పది సెకన్లు ఆగి మళ్లీ చూడండి. మూడు నాలుగు సార్లకు ముక్కు అలసిపోతుంది. అప్పుడు మీ మోచేతి వాసన చూసుకుంటే తేరుకుంటుంది.

అందరూ తడబడేది లవంగం దగ్గర. ఈ బీరులో ఆ వాసన మూడు దారుల్లో రావచ్చు. సెజోన్ ఈస్టు, మాల్టులోని (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యంలోని) ఫెరులిక్ ఆమ్లాన్ని 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తుంది, అది లవంగం. బ్రెట్ దాన్ని మళ్లీ పట్టుకుని 4-ఇథైల్ గ్వాయకాల్ చేస్తుంది. అప్పుడు లవంగానికి పొగ తోడవుతుంది. ఇక కాల్చిన ఓక్‌లో యూజినాల్ ఉంటుంది, అసలు లవంగంలోని పదార్థం అదే. మరి ఎలా తేల్చడం? తోడుగా ఏముందో చూడండి. లవంగంతో వనిల్లా, కొబ్బరి ఉంటే కొయ్య. తోలు, బ్యాండ్-ఎయిడ్, గుర్రపుశాల ఉంటే బ్రెట్, అవి 4-ఇథైల్ ఫినాల్ వాసనలు. మిరియం, నారింజ తొక్కతో వస్తే మొదటి ఈస్టు. ముదిరిన సీసాలో ఈ చివరిది అరుదు, బ్రెట్ అప్పటికే చాలావరకు మార్చేసి ఉంటుంది.

పండిన అనాస వాసన కూడా తరచూ బ్రెట్‌దే, పండు వేశారని ఊహించుకోవద్దు. వనిల్లా, కొబ్బరి బలంగా ఉంటే పీపా కొత్తది, లేదా బర్బన్ విస్కీ పోసినది. చాలా పల్లె బీర్లు ఎన్నోసార్లు వాడిన వైన్ పీపాల్లో మాగుతాయి. ఆ పీపా వాసన ఇవ్వదు. సూక్ష్మజీవులకు ఇల్లుగా ఉండి, గాలిని కొంచెం కొంచెంగా లోపలికి వదులుతుంది, అంతే. మా అభిప్రాయంలో ఈ రకం బీరుకు అలాంటి పాత పీపాయే సరైనది.

నోరు

మొదటి గుక్క మీద తీర్పు ఇవ్వకండి, అది నోటిని పులుపుకు అలవాటు చేయడానికే. రెండో గుక్క 15 మి.లీ., ముక్కు మూసుకుని తీసుకోండి. అయిదు సెకన్ల పాటు పులుపు, చేదు, వగరు మాత్రమే ఉంటాయి. ముక్కు వదిలితే వాసనలన్నీ ఒక్కసారిగా వస్తాయి. పులుపును వగరుతో కలిపేయకండి. పులుపుకు నోట్లో నీళ్లూరతాయి, వగరుకు చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఆరిపోతాయి. వగరు ఓక్ టానిన్‌ది. బ్రెట్ చక్కెరలన్నీ తినేసిన బీరులో ఒళ్లు చాలా పలచన. నీళ్లగా అనిపించకుండా కాపాడేవి ఆ టానిన్, బుడగలే.

మింగాక ముప్పై సెకన్లు ఏమీ తాగకుండా, మాట్లాడకుండా ఉండండి. పచ్చి పేలాల వాసన, బాస్మతి అన్నం వాసన, ముదిరితే ఎలుకల కంపు నోటి వెనక నుంచి వస్తే అది టెట్రాహైడ్రోపిరిడిన్ లోపం. బీరు పులుపులో అది ఆవిరి కాలేదు, లాలాజలం పులుపును తగ్గించాకే బయటపడుతుంది. అందుకే ముందు వాసన చూసినప్పుడు చిక్కదు. కొందరికి ఇది అసలు తెలియదు కూడా. అనుమానం ఉంటే రెండు చెంచాల బీరులో చిటికెడు వంటసోడా వేసి వాసన చూడండి. సీసాలో పోసేటప్పుడు గాలి తగిలితే ఇది పుడుతుంది. మిగతా సీసాలు ఉంటే కొన్ని నెలలు కదపకుండా ఉంచండి, తరచుగా తగ్గిపోతుంది.

వెనిగర్, నెయిల్ పాలిష్ మాత్రం ఎంత ఉంచినా తగ్గవు. పీపాలో బీరు ఆవిరై ఖాళీ పెరిగినా, రుచి చూద్దామని పైమూత పదేపదే తీసి, బీరు మీద కట్టిన పొరను చెదరగొట్టినా ఇవి వస్తాయి. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ బ్రూవరీ విన్నీ సిలుర్జో పేరుతో ప్రచారమైన పద్ధతి దీనికి మందు: పీపా ముఖానికి చిన్న స్టెయిన్‌లెస్ మేకు కొట్టి ఉంచి, రుచికి కావలసినప్పుడు దాన్ని పీకి, సన్నటి ధార పట్టుకుని మళ్లీ బిగిస్తారు.

సాధన

ఒకే గ్లాసును 8, 12, 15 డిగ్రీల దగ్గర మూడుసార్లు రాయండి. వేడెక్కేకొద్దీ బ్రెట్, ఓక్ పైకి వస్తాయి, లోపాలూ వస్తాయి. ప్రతి మాట పక్కన ఈస్టు, బ్యాక్టీరియా, కొయ్య, గాలి, వీటిలో ఒకటి తప్పనిసరిగా రాయాలి. తేలకపోతే రెండు రాయండి, ఖాళీ వదలొద్దు. సీసాలో 100 మి.లీ. మిగిల్చి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు అదే పద్ధతిలో చూడండి. రాత్రికి రాత్రి పేలాల వాసన వచ్చిందేమో ప్రత్యేకంగా గమనించండి.

వచ్చే పాఠానికి ఒక గూజ్ సీసా కావాలి. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను (గాలిలోని అడవి ఈస్టుతో పులిసే బెల్జియం బీర్లను) కలిపి చేసే బీరు అది. సీసా తెచ్చినప్పటి నుంచి చీకట్లో ఉంచండి. పచ్చ సీసాకు వెలుతురు తగిలితే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చెడి వచ్చే కంపును బ్రెట్ వాసన అనుకుని పొరబడతారు.