ట్రిప్ షీట్ వెనక స్పెయిన్ ఫుట్‌బాల్: సీజన్ మొత్తం ఎలా వెంబడించాలి

"మామా, బార్సిలోనా జనవరిలో ఒక కప్పు కొట్టింది, ఏప్రిల్‌లో ఇంకోటి, మేలో ఇంకోటి. ఒక్క ఏడాదికి ఎన్ని కప్పులు పెట్టుకున్నారప్పా వాళ్లు?"

మా మేనల్లుడి ప్రశ్న ఇది. వాడు పెరిగింది ఐపీఎల్ మీద. రెండు నెలలు మ్యాచులు, చివర్లో ఒక ఫైనల్, అంతటితో దుకాణం బంద్. స్పెయిన్‌లో అట్లా కాదు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను అనంతపురంలో కారు నడుపుతాను. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ పుణ్యమా అని మా ఊరికి ఏడాది పొడవునా స్పెయిన్ వాళ్లు వస్తూనే ఉంటారు. దాన్ని పెట్టిన ఫాదర్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినాయన, 1969లో మా జిల్లాకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ రాకపోకలకు బెంగళూరు ఎయిర్‌పోర్టు బాడుగలు నాకు బాగానే దొరుకుతాయి. కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి. మూడు గంటలకు పైగా దారి. వాళ్లతో మాట్లాడటానికి నాకు వచ్చిన భాష రెండు ముక్కల ఇంగ్లీషు, దాని తర్వాత ఫుట్‌బాలే.

ముందు లెక్క అర్థం చేసుకోండి. ఒకే బండి మూడు బాడుగలు ఒప్పుకుందనుకోండి. ఒకటి నెలవారీ బాడుగ. అది లీగ్. 20 జట్లు, ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 మ్యాచులు, ఆగస్టు మధ్య నుంచి మే చివరి దాకా. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. ఫైనల్ అంటూ ఏదీ ఉండదు, మే నెలలో పైన ఎవరుంటే వాళ్లే ఛాంపియన్. రెండోది కోపా దెల్ రే, అంటే రాజుగారి కప్పు. ఇది ఒక్క ట్రిప్పు బాడుగ లాంటిది, ఓడితే ఇంటికే. మూడోది సూపర్‌కోపా. నాలుగే జట్లు, జనవరిలో మూడు మ్యాచులు. 2020 నుంచి దాదాపు ప్రతిసారీ సౌదీకి తీసుకెళ్లి ఆడిస్తున్నారు. స్పెయిన్ కప్పు సౌదీలో ఏంటికని అడగొద్దు, డబ్బు.

మా వాడికి మాత్రం నాలుగు స్కోర్లతో అర్థమైంది. 2024-25లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ నాలుగుసార్లు తలపడ్డాయి. అక్టోబర్ 26న లీగ్‌లో 4-0. జనవరి 12న జెద్దాలో సూపర్‌కోపా ఫైనల్, 5-2. ఏప్రిల్ 26న సెవియ్యాలో కోపా ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2. మే 11న మళ్లీ లీగ్‌లో 4-3. నాలుగూ బార్సిలోనావే. కానీ జెద్దాలో కొట్టిన ఐదు గోల్స్‌తో లీగ్ పట్టికలో ఒక్క పాయింటు కూడా కదల్లేదు. ఏ బాడుగ డబ్బు ఆ బాడుగదే. ఇది బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే.

ఇక డైరీ. యాప్ ఉంది కదా అంటారు. ఉంది, నా ఫోన్లోనూ ఉంది. కానీ యాప్ ఈరోజు సంగతి చెబుతుంది, నవంబర్‌లో మన జట్టు ఎక్కడుందో గుర్తుండాలంటే చేత్తో రాసుకోవాలి. నేను పాత ట్రిప్ షీట్ల వెనక రాస్తాను. ఎడమ పేజీ లీగ్‌కు, కుడి పేజీ కప్పులకు. వారం వారం 20 జట్లనూ రాస్తూ పోతే దసరాకే విసుగొస్తుంది. పైన రెండు, కింద ఐదు, మధ్యలో మీ జట్టు. అంతే చాలు. ఆడిన మ్యాచుల గడి మాత్రం వదలొద్దు. 2024 అక్టోబర్ చివర్లో వాలెన్సియా ప్రాంతాన్ని వరద ముంచేసింది. ఆ వారాంతం జరగాల్సిన వాలెన్సియా, రియల్ మాడ్రిడ్ మ్యాచ్ జనవరి 3కు పోయింది. అన్నాళ్లూ ఒట్టి పాయింట్లు చూసుకున్నవాళ్లు తప్పుడు లెక్కలో ఉన్నట్టే.

డైరీ మొదటి పేజీలోనే ఒక రూలు రాసుకోండి. పాయింట్లు సమానమైతే స్పెయిన్‌లో మొదట గోల్స్ తేడా చూడరు, ఆ రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచులు చూస్తారు. 2006-07లో రియల్ మాడ్రిడ్‌కు 76, బార్సిలోనాకు 76. గోల్స్ తేడాలో బార్సిలోనా చాలా ముందుంది. అయినా కప్పు మాడ్రిడ్‌కే పోయింది. ఎందుకంటే వాళ్లిద్దరి మధ్య మాడ్రిడ్‌లో రియల్ 2-0తో గెలిచింది, బార్సిలోనాలో 3-3 డ్రా. ఆ 3-3లో మెస్సీ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు, అయినా సరిపోలేదు.

టైమింగ్ దగ్గర నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వాళ్ల గడియారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఎండాకాలంలో మనం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందు, చలికాలంలో నాలుగున్నర. అక్కడ రాత్రి 9 గంటల మ్యాచ్ సెప్టెంబర్‌లో మనకు 12:30కు, డిసెంబర్‌లో 1:30కు. మొదటి ఏడాది ఇది తెలియక నవంబర్‌లో గంట ముందే అలారం పెట్టుకుని, దుప్పటి కప్పుకుని ఖాళీ స్టేడియం చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ లేచి "ఎవరూ రాలేదా?" అంది. ఇంట్లో గొడవ వద్దనుకుంటే వాళ్ల మధ్యాహ్నం 2, సాయంత్రం 4:15 మ్యాచులు పట్టుకోండి. మనకు సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి పావు తక్కువ తొమ్మిది లోపల మొదలైపోతాయి. ఏ వారం ఎవరితో ఎవరు అన్నది జూన్, జూలైల్లోనే తేలిపోతుంది. కచ్చితమైన రోజు, గంట మాత్రం కొన్ని వారాల ముందే చెబుతారు. అందుకే డైరీలో తేదీలు పెన్సిల్‌తో రాయండి. ఏ ఛానెల్, ఏ యాప్ అన్నది కూడా ఆగస్టులో కొత్తగా చూసుకోవాల్సిందే. 2018 నుంచి మూడు సీజన్లు ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చింది. అట్లాంటి రోజులు మళ్లీ రావు.

అన్నిటికంటే పెద్ద పని జట్టును ఎంచుకోవడం. బార్సిలోనా, మాడ్రిడ్ వద్దు. వాళ్లు గెలిస్తే మామూలే, ఓడితే ప్రపంచం మొత్తం మనకంటే ముందే ఏడుస్తుంది. కింద కొట్టుకుంటున్న జట్టును పట్టుకోండి, ప్రతి డ్రా పండగే.

నా జట్టు లెగానెస్. మాడ్రిడ్ పక్కనే దక్షిణాన ఉన్న ఊరు. ఒకసారి బండెక్కిన పెద్దాయన ఆ ఊరివాడే. వాళ్లను 'పెపినేరోస్' అంటారట, అంటే కీర దోసకాయలు పండించేవాళ్లు. ఒకప్పుడు ఆ ఊరికి దోసకాయలే పేరు. జట్టు బొమ్మ కూడా దోసకాయే! నేను వెంటనే డ్యాష్‌బోర్డు మీది పొట్లం తీసి ఉడకబెట్టిన చెనక్కాయలు ఆయన చేతిలో పోశాను. "ఇది మా జిల్లా" అన్నాను. పెనుకొండ వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. జట్టు ఖాయమైపోయింది.

లెగానెస్ 2023-24లో రెండో డివిజన్, అంటే కింది మెట్టు లీగ్, గెలిచి పైకి వచ్చింది. దాంతోపాటు వయ్యదోలిద్, ఎస్పాన్యోల్. ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి. 2024 డిసెంబర్ 15న లెగానెస్ బార్సిలోనాను వాళ్ల ఊళ్లోనే 1-0తో కొట్టింది. నాలుగో నిమిషంలోనే సెర్హియో గొన్సాలెస్ తలతో కొట్టాడు. మిగతా ఆటంతా కాపుకాయడమే. మనకు అప్పుడు రాత్రి 1:30 దాటింది, నేను ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉన్నాను. చివరి పది నిమిషాల్లో ఫోన్ చూస్తూ, ఫ్లైట్ దిగిందన్న సంగతే మరిచిపోయాను. ప్యాసింజర్లు బయట ఇరవై నిమిషాలు నిలబడ్డారు. తిట్లు తిన్నాను, తప్పు నాదే. అప్పటి నుంచి డ్యూటీ రాత్రుల్లో మ్యాచ్ అలారంతో పాటు ఫ్లైట్ అలారం కూడా పెడుతున్నాను.

కుడి పేజీ ఇంకా రంజుగా సాగింది. కోపాలో సెమీస్ దాకా ఒకే మ్యాచ్, అదీ చిన్న డివిజన్ జట్టు సొంత గ్రౌండ్‌లో. అందుకే పెద్దవాళ్లు బోర్లాపడతారు. ఆ ఏడాది నాలుగో డివిజన్ పోంతెవేద్రా వరసగా విల్లారియల్‌నూ, 3-0తో మయ్యోర్కానూ ఇంటికి పంపింది. సూపర్‌కోపా ఆడే నాలుగు జట్లు 32 జట్ల రౌండ్‌లో వచ్చి చేరతాయి, కాబట్టి డిసెంబర్‌లో కోపా పేజీలో బార్సిలోనా పేరు లేదని కంగారుపడొద్దు. సెమీస్ మాత్రం రెండేసి మ్యాచులు. లెగానెస్ క్వార్టర్స్ దాకా వచ్చింది, ఫిబ్రవరి 5న రియల్ మాడ్రిడ్‌తో. 0-2 నుంచి 2-2 చేశారు. ఇక ఎక్స్‌ట్రా టైమే అనుకుని నేను టీకి దిగాను. 93వ నిమిషంలో గొన్సాలో అనే కుర్రాడు మాడ్రిడ్ తరఫున కొట్టేశాడు. ఆ టీ తాగానో లేదో కూడా గుర్తులేదు.

చివరి వారానికి డైరీలో ప్రత్యేకంగా ఒక పేజీ ఉంచండి, ఎందుకంటే ఒకరి తలరాత ఇంకొకరి మ్యాచ్‌లో ఉంటుంది. మే 24. పట్టికలో ఆఖరి మూడు జట్లు రెండో డివిజన్‌కు దిగిపోతాయి, వాటిలో వయ్యదోలిద్, లాస్ పాల్మాస్ అప్పటికే ఖాయం. దిగిపోవాల్సింది ఇంకొక్కటే. ఎస్పాన్యోల్‌కు 39, లెగానెస్‌కు 37. లెగానెస్ గెలవాలి, ఎస్పాన్యోల్ గెలవకూడదు. రెండు మ్యాచులూ మనకు 12:30కు ఒకేసారి మొదలు. ఒక ఫోన్లో మా ఆట, మేనల్లుడి ఫోన్లో వాళ్ల ఆట. మనవాళ్లు వయ్యదోలిద్‌ను 3-0 కొట్టారు. అక్కడ సగం ఆట దాకా 0-0. "మామా, మనం ఉంటాం" అన్నాడు వాడు. రెండో సగంలో ఎస్పాన్యోల్‌కు పెనాల్టీ, పువాడో కొట్టాడు. ఆఖర్లో ఇంకోటి. 42, 40. మా వాడు ఫోన్ బోర్లా పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

జట్టు దిగిపోతే డైరీ మూసేయాల్సిన పని లేదు. రెండో డివిజన్‌లో 22 జట్లు, 42 మ్యాచులు, అంటే ఇంకా ఎక్కువ. పైన ఇద్దరు నేరుగా ఎక్కుతారు, 3 నుంచి 6 దాకా ఉన్నవాళ్లు ఒక్క సీటు కోసం ప్లేఆఫ్ ఆడతారు. అక్కడ ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత కూడా సమానమైతే పెనాల్టీలు ఉండవు, పట్టికలో పైనున్నవాడిదే సీటు. పెద్ద క్లబ్బుల బి జట్లు కూడా ఈ మెట్టు దాకా రావచ్చు, కానీ అసలు జట్టున్న డివిజన్లోకి ఎక్కనివ్వరు. కోపాలో వాటికి చోటే లేదు.

ఆ జూన్‌లో ప్లేఆఫ్ మా ఇద్దరినీ మళ్లీ ఫోన్ ముందు కూర్చోబెట్టింది. మిరాందెస్ దగ్గర 0-1తో ఓడిన ఒవియెదో, సొంత ఊళ్లో ఎక్స్‌ట్రా టైమ్‌కు పోయి 3-1తో గెలిచి, 24 ఏళ్ల తర్వాత మొదటి డివిజన్ ఎక్కింది. అందులో ఒక పెనాల్టీ కొట్టింది 40 ఏళ్ల సాంతి కాసోర్లా, చిన్నప్పుడు ఆ క్లబ్బులోనే ఆట నేర్చుకున్నవాడు. మేనల్లుడు మరుసటి రోజే వాడి నోట్‌బుక్ అట్ట మీద 'ఒవియెదో' అని రాసుకున్నాడు. నాకు నా దోసకాయలే. కొత్త ట్రిప్ షీట్ల కట్ట విప్పి, మొదటిదాని వెనక 22 గళ్లు గీసి పెట్టాను.