గ్లేసియర్ బేకి టోపో మ్యాప్ (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) తయారు చేసుకోవడం ఎలా?

అలాస్కాలోని గ్లేసియర్ బేని మ్యాప్‌లో పెట్టడానికి కొండలకన్నా మంచుతోనే ఎక్కువ తంటా. 1794లో బ్రిటిష్ నౌకాదళ అన్వేషకుడు వాంకోవర్ బృందం చూసినప్పుడు ఈ అఖాతం దాదాపు అంతా హిమానీనదమే. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వెళ్లేసరికి మంచు ఎన్నో మైళ్లు వెనక్కి తగ్గి, ఆ చోటికి సముద్రం వచ్చేసింది. కాబట్టి ఇక్కడ ఎత్తు ఎంతో తెలిస్తే సరిపోదు, అది ఏ ఏటిదో కూడా తెలియాలి.

ముందు ఎత్తుల డేటా దించుకోండి. విమాన రాడార్‌తో తీసిన 5 మీటర్ల గ్రిడ్‌ని (ప్రతి 5 మీటర్లకి ఒక ఎత్తు) అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ఉచితంగా ఇస్తుంది. ఉపగ్రహ ఫొటోల నుంచి చేసిన 2 మీటర్ల ఆర్కిటిక్‌డెమ్ అనే ఎత్తుల డేటా కూడా ఉచితమే. నా ఓటు మొదటిదానికే. మబ్బులు, నీడలు, తెల్లటి మంచు ఉన్నచోట ఫొటోల లెక్క తడబడుతుంది. రాడార్‌కీ ఒక లోపం ఉందనుకోండి, పొడి మంచులోకి కాస్త దిగి ఎత్తు తక్కువ చూపిస్తుంది. రెండింటినీ అలాగే కలిపేయకండి. ఆర్కిటిక్‌డెమ్ ఎత్తులు సముద్రమట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి గుండ్రటి రూపం) నుంచి లెక్కించినవి.

తర్వాత ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఈ ప్రాంతానికి సరిపోయే కొలతల పద్ధతి యూటీఎం జోన్ 8 నార్త్ పెట్టుకుని కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) గీయించండి. 4,671 మీటర్ల ఫెయిర్‌వెదర్ శిఖరం సముద్రానికి బాగా దగ్గర. గీతల మధ్య 10 మీటర్లే ఇస్తే ఆ వాలు మొత్తం ఒకే ముద్ద అయిపోతుంది. 40 మీటర్లు చాలు. నేల మీద గోధుమరంగు, మంచు మీద నీలం గీతలు వాడండి.

మంచు అంచుని చేత్తోనే గీయాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పాత మంచు మిగిలి, కొత్తది ఇంకా పడకముందు తీసిన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం వెతకండి. మబ్బు లేనిది దొరకడానికి ఓపిక కావాలి. రాళ్లు కప్పేసిన మంచు నేలలాగే కనిపిస్తుంది, అక్కడ తొందరపడొద్దు.

తీరానికి ఒక్క గీత చాలదు. ఇక్కడ ఆటుపోట్ల తేడా 25 అడుగుల దాకా ఉంటుంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా చార్టుల్లో లోతులు పాటు (నీరు తగ్గినప్పటి) మట్టం నుంచి, తీరరేఖ పోటు మట్టం నుంచి లెక్కిస్తారు. రెండు గీతలూ గీసి మధ్య భాగానికి వేరే రంగు వేయండి, కయాక్‌లో వచ్చి టెంట్ వేసేవాళ్లకి అదే ముఖ్యం. పైగా మంచు బరువు తగ్గడంతో నేల ఏటా 3 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తోంది, పాత చార్టు తీరాన్ని గుడ్డిగా నమ్మకండి.

చివరగా మ్యాప్ మూలన ఎత్తుల తేదీ, మంచు అంచు తేదీ, తీరరేఖ తేదీ విడివిడిగా రాయండి.